కారు ఆడియోకు ఇంట్లోనే ఫ్యూజు బ్లాకు తయారుచేసుకొనే విధానం

కారులో రెండు ఆంప్లిఫయర్లు పెట్టుకొనేవారు బ్యాటరీ నుంచి డిక్కీ వరకు వచ్చే ఒకే లావు తీగను అక్కడ రెండుగా విడదీసి, ఒక్కొక్క దారికి విడిగా ఫ్యూజు అమర్చవలసి ఉంటుంది. ఆ విడదీసే దిమ్మెనే ఫ్యూజు బ్లాకు అంటారు. చవకగా దొరికే బ్లాకుల్లో లోహం పలుచగా, మరలు చిన్నవిగా ఉండడం నేను తరచుగా చూశాను. ఒక పూట ఓపికగా కూర్చోగలిగినవారు దీనిని స్వయంగా తయారుచేసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఫ్యూజులను మాత్రం నమ్మకమైన తయారీదారువే కొనాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

నేను మొదట చేసిన బ్లాకు అక్రిలిక్ పలక మీద చేసినది. కొన్ని నెలల తర్వాత మూత తెరిచి చూస్తే ఒక బోల్టు చుట్టూ పలక కరిగి, రంధ్రం సాగిపోయి ఉంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. కారణం వదులైన నట్టు. అతుకు దగ్గర 10 మిల్లీఓముల నిరోధం ఉండి, దాని గుండా 30 ఆంపియర్లు పారితే అక్కడ 9 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట అంత వేడి నిలిస్తే అక్రిలిక్ తట్టుకోలేదు. అది సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. కరెంటు హద్దు దాటలేదు కనుక ఫ్యూజుకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. అందువల్ల ఈ పనిలో శ్రద్ధ అంతా అతుకుల మీదనే ఉండాలి.

ముందుగా లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు నాలుగు స్పీకర్లకు ఒక్కొక్కదానికి 50 వాట్ల ఆర్ఎంఎస్ (ఎడతెగకుండా ఇవ్వగలిగే శక్తి) ఇచ్చే క్లాస్ ఏబీ రకం ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్‌కు, అంటే మంద్రస్వరాల స్పీకరుకు, 300 వాట్ల క్లాస్ డీ రకం ఆంప్లిఫయర్ ఉన్నాయనుకొందాం. మొదటిదాని సామర్థ్యం 60 శాతం, రెండవదానిది 80 శాతం అని తీసుకొని, మొత్తం వాట్లను ఆ సామర్థ్యంతోను, 13.5 వోల్టులతోను భాగిస్తే వరుసగా 25, 28 ఆంపియర్లు వస్తాయి. పాటలో సగటు వాడకం ఇంతకంటె చాలా తక్కువ. మొదటి దారికి 30, రెండవదానికి 40 ఆంపియర్ల ఫ్యూజులు, రెండింటికీ 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతాయి. బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన తీగ 25 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. ఈ పరిమాణాలు అచ్చమైన రాగికి మాత్రమే వర్తిస్తాయి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను కొనకండి.

ప్రధాన తీగకు 80 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపలే ఉండి తీరాలి. మనం చేసే బ్లాకు దానికి బదులు కాదు. ఫ్యూజు కాపాడేది తన తర్వాత ఉన్న తీగను. డిక్కీలో ఎంత మంచి ఫ్యూజు పెట్టినా, ఇంజను వెనుక గోడ దగ్గర తీగ ఒరుసుకొని బాడీకి తగిలితే, బ్యాటరీ నుంచి వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటు ఆ తీగలో పారగలదు. ఆ గోడ దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే కట్టు) తప్పనిసరి.

ఇక సామగ్రి. అడుగు పలకకు 6 మిల్లీమీటర్ల హైలం షీటు (విద్యుత్తు పారని గట్టి పలక), అడుగు కప్పడానికి 3 మిల్లీమీటర్లది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి పట్టీ కావాలి. ప్యానెల్ బోర్డులు చేసేవారి దగ్గర రాగి పట్టీ ముక్కలుగా దొరుకుతుంది. ఇత్తడి పట్టీ వాడవద్దు. దాని వాహకత రాగిలో మూడో వంతు కూడా ఉండదు. ఫ్యూజులు బోల్టుతో బిగించే మిడీ రకానివి తీసుకోండి. వాటి రెండు రంధ్రాల మధ్య దూరం 30 మిల్లీమీటర్లు, బోల్టు ఎం5 (5 మిల్లీమీటర్ల లావుది); అయినా డ్రిల్లు పట్టే ముందు చేతిలో ఉన్న ఫ్యూజును కొలుచుకోండి.

పట్టీని 90 మిల్లీమీటర్ల పొడవున కోసి, ఒక కొస నుంచి 15 మిల్లీమీటర్ల వద్ద ప్రధాన తీగ కోసం ఎం6 రంధ్రం, 45, 75 మిల్లీమీటర్ల వద్ద ఫ్యూజులకు ఎం5 రంధ్రాలు వేయాలి. ఫ్యూజు అవతలి కొస కింద పెట్టడానికి అదే పట్టీ నుంచి రెండు చదరపు ముక్కలు కోయాలి. ఇవి లేకపోతే ఫ్యూజు రెండు కొసలు ఎగుడుదిగుడుగా నిలిచి, లోపలి రేకు మెలిపడి, కారు కుదుపులకు విరుగుతుంది. రంధ్రాల అంచులను ఆకురాయితో నునుపు చేసి, ముఖాలను సన్నని ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి.

అసలు కీలకం బిగింపు వరుసలో ఉంది. బోల్టును కింది నుంచి హైలం పలకలోకి దూర్చి, తల పలకలో మునిగేలా కౌంటర్‌సంక్ చేసి, పైన మొదటి నట్టుతో బిగించండి. ఆ నట్టు మీద రాగి పట్టీ, దాని మీద ఫ్యూజు చెవి (రంధ్రం ఉన్న కొస), తర్వాత వాషరు, స్ప్రింగ్ వాషరు, చివర రెండవ నట్టు రావాలి. అవతలి కొసన రాగి ముక్క, ఫ్యూజు చెవి, తీగ లగ్గు (తీగ కొసకు తొడిగే రంధ్రం ఉన్న లోహపు తొడుగు), ఆపైన వాషర్లు. ఇలా చేస్తే బిగింపు మొత్తం లోహానికీ లోహానికీ మధ్యనే ఉంటుంది. వేడికి క్రమంగా కుంగే పలక దానిలో భాగం కాదు. రాగికీ లగ్గుకూ మధ్య వాషరు ఎప్పుడూ రాకూడదు. ఇనుము గుండా కరెంటు పోతే మళ్లీ ఆ వేడి సమస్యే ఎదురవుతుంది.

లగ్గులను తీగ పరిమాణానికి సరిపోయినవే తీసుకొని, హైడ్రాలిక్ క్రింపింగ్ పరికరంతో నొక్కించండి. అది లేనివారు ప్యానెల్ పని చేసే దుకాణంలో నొక్కించుకోవచ్చు. సుత్తితో కొట్టిన లగ్గు చూడడానికి గట్టిగా ఉన్నా లోపల పోగులు వదులుగానే ఉంటాయి. టంకం మీద మాత్రమే ఆధారపడకండి. లగ్గు పైన హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకొని అతుక్కొనేది), బ్లాకు మీద పాలికార్బొనేట్ మూత, అడుగున 3 మిల్లీమీటర్ల పలక వేసి, విడి మరలతో డిక్కీలో బిగించాలి.

తీగలు కలిపే ముందు బ్యాటరీ రుణధ్రువాన్ని విప్పండి. దానిని అన్నిటికంటె చివర కలపండి. అంతకుముందే రాగి పట్టీకీ, బ్లాకును బిగించిన మరలకూ మధ్య మల్టీమీటరును కంటిన్యూటీ (రెండు చోట్లు కలిసి ఉంటే శబ్దం చేసే) అమరికలో పెట్టి, ఎక్కడా శబ్దం రాలేదని నిర్ధారించుకోవాలి. తర్వాత ఇంజను నడుస్తుండగా, సబ్‌వూఫర్ తట్టుకోగలిగిన మోతాదులో, ఫోను నుంచి 50 హెర్ట్జ్ శబ్దాన్ని ఒక నిమిషం పాటు వినిపిస్తూ, పట్టీకీ ఫ్యూజు చెవికీ మధ్య, ఫ్యూజు చెవికీ లగ్గుకూ మధ్య మిల్లీవోల్టులు కొలవండి. ఒక్కొక్క అతుకు దగ్గర కొద్ది మిల్లీవోల్టులే కనిపించాలి; 10 దాటితే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో ఫ్యూజు కొంత తక్కువ కరెంటుకే పోవచ్చు కాబట్టి, హద్దుకు మరీ దగ్గరగా నడపకండి.

ఫ్యూజు పోతే ఇంట్లో రాగిపోగు చుట్టినట్టు ఇక్కడ చుట్టడం గాని, పెద్దది వేయడం గాని చేయకూడదు. ఏ తీగ ఎక్కడ తగిలిందో వెతికి, అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. వారం రోజులు కారు నడిపిన తర్వాత నట్లన్నిటినీ ఒకసారి, ఆపైన ప్రతి సర్వీసింగు సమయంలోనూ బిగువు చూసి, లగ్గుల దగ్గర రంగు మారిందేమో పరిశీలించండి.