ఓడ దిగి రిసార్టుకు: నాసౌలో ఒక్కరోజు పాస్‌ను ఎలా వాడుకోవాలి?

అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే మనవాళ్లు పిల్లల సెలవులకి ఫ్లోరిడా రేవులైన మయామీకో, పోర్ట్ కనావరల్‌కో కారేసుకుని వెళ్లి నాలుగు రాత్రుల బహామాస్ క్రూజ్ ఎక్కడం ఇప్పుడు మామూలైపోయింది. టికెట్ కొన్న వారంలోపే ఇంట్లో చర్చ మొదలవుతుంది. బహామాస్ రాజధాని నాసౌలో ఓడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగుతుందట, ఏం చేద్దాం అని. ఎవరో ఒకరు ఆ గులాబీ రంగు హోటల్ ఫొటో చూపిస్తారు. అదే అట్లాంటిస్. ఓడ రేవులోకి వస్తుంటే డెక్ మీద నుంచే కనబడి ఊరిస్తుంది. అక్కడ గది తీసుకోవాలంటే మనలాంటి వాళ్లకి గుండె గుభేలుమంటుంది. గది లేకుండా పగటిపూట మాత్రం కొలను, బీచ్, స్లైడ్లు వాడుకోవడానికి డే పాస్ అమ్ముతారు. బహామాస్‌లో పెద్ద రిసార్టులు చాలావరకు ఇలాంటి పాస్‌లు పెట్టాయి.

మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి చేయకూడనివన్నీ చేశాం. రెండోసారికి కాస్త బుద్ధొచ్చింది. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నదే ఇదంతా.

ముందు గంటలు లెక్కపెట్టండి

పాస్ ధర చూసే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. మీ ఓడ 8కి వచ్చి 5కి బయల్దేరుతుందనుకుందాం. చూడ్డానికి తొమ్మిది గంటలు. 8 అంటే ఓడ తాళ్లు కట్టే టైమ్. అక్కడి అధికారులు సరేనన్నాక గాని తలుపు తెరవరు. ఇంటిల్లిపాదీ టిఫిన్ తిని, సన్‌స్క్రీన్ రాసుకుని, లిఫ్ట్ కోసం నిలబడి దిగేసరికి 9. రేవు గట్టు చాలా పొడుగు. మీ ఓడని చివర కట్టారంటే గేటు దాకా పది పదిహేను నిమిషాల నడక. టాక్సీ, ఆ తర్వాత రిసార్టు కౌంటర్ దగ్గర లైన్, చేతికి బ్యాండ్ కట్టించుకోవడం. నీళ్లలో కాలు పెట్టేసరికి పదింపావు.

అటువైపు నుంచి కూడా కోత పడుతుంది. ఓడ 5కి కదిలితే ప్రయాణికులందరూ నాలుగున్నరకల్లా లోపల ఉండాలంటారు. కొన్ని కంపెనీలైతే గంట ముందే రమ్మంటాయి. మీరు మూడున్నరకి రేవు గేటు దగ్గర ఉండాలంటే రిసార్టులో మూడింటికి టాక్సీ ఎక్కాలి. పిల్లల్ని నీళ్లలోంచి లాగి, బట్టలు మార్చడం రెండున్నరకి మొదలుపెట్టాలి. అంటే మీ చేతిలో నికరంగా మిగిలింది నాలుగుంపావు గంటలు. పాస్ తలకి 200 డాలర్లయితే గంటకి 47 డాలర్లు. నలుగురికి గంటకి 188! ఈ లెక్క చూశాక కూడా వెళ్లాలనిపిస్తే నిశ్చింతగా వెళ్లండి. ఓడ మధ్యాహ్నం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే రకమైతే మాత్రం నేనైతే కొనను. రేవు నుంచి పడమర వైపు పదిహేను నిమిషాలు నడిస్తే జంకనూ బీచ్ వస్తుంది. అక్కడ ఇసుకకీ సముద్రానికీ డబ్బు అడగరు, కుర్చీ కావాలంటేనే అద్దె.

ఏ రిసార్టు?

ఇక్కడ ఇంట్లో ఎవరికి ఏం కావాలో తేలాలి. పన్నెండేళ్ల పిల్లాడికి స్లైడ్లు కావాలి, వాళ్ల అమ్మకి నీడలో పడక కుర్చీ కావాలి, ఊరి నుంచి వచ్చిన నానమ్మకి సముద్రంలో కాళ్లు తడిపితే చాలు.

పిల్లలు స్లైడ్లు తప్ప ఇంకోటి వద్దంటే అట్లాంటిస్. పారడైజ్ ఐలాండ్‌లో ఉంది, నాసౌ ఊరి నుంచి వంతెన దాటితే వచ్చేస్తుంది. ఈ దీవిని ఒకప్పుడు హాగ్ ఐలాండ్ అనేవాళ్లు, అంటే పందుల దీవి. 1959లో హంటింగ్టన్ హార్ట్‌ఫోర్డ్ అనే కోటీశ్వరుడు కొన్నాక స్వర్గమని పేరు మార్చారు. ఆ పాత పేరుతో 200 డాలర్ల పాస్ ఎవరు కొంటారు చెప్పండి! అక్కడి ఆక్వావెంచర్ వాటర్ పార్క్ 141 ఎకరాలు. అందులో మాయన్ గుడి ఆకారంలో ఒక కట్టడం ఉంది. దాని మీద నుంచి దాదాపు నిట్టనిలువునా జారితే, సొరచేపలున్న నీళ్ల మధ్యగా వేసిన అద్దపు గొట్టంలోంచి బయటికొస్తాం. జారినంతసేపూ కళ్లు మూసుకున్నాను కాబట్టి సొరచేపల గురించి నన్నడక్కండి. మా వాడు చూశాడట.

బహా మార్ కేబుల్ బీచ్‌లో ఉంది, రేవుకి పడమరగా. 2017లో తెరిచారు. అక్కడి బహా బే వాటర్ పార్క్ 2021లో వచ్చింది, 15 ఎకరాలే. చిన్నదనిపిస్తుంది గానీ నాలుగు గంటలకి అదే సుఖం. అట్లాంటిస్‌లో సగం టైమ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవడానికే పోతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే నా ఓటు దీనికే. ఇక ఊళ్లోనే, రేవు నుంచి నడిచి వెళ్లేంత దగ్గర్లో మార్గరిటావిల్ రిసార్టు ఉంది. టాక్సీ గొడవ లేదు. చిన్న పిల్లలకి మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే ఓడకి తిరిగిరావడం తేలిక.

ఎక్కడికెళ్లినా పాస్‌లో ఏముందో ఒక్కొక్క మాటా చదవండి. కొన్ని పాస్‌లు బీచ్‌కి మాత్రమే. కొన్నిట్లో భోజనం ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. లాకర్‌కి విడిగా తీసుకుంటారు. కబానా అంటే గుడ్డ కప్పిన చిన్న పందిరి, దానికి ఇంకో పెద్ద అంకె. చూపించిన ధర మీద 10 శాతం పన్ను కలిసిందో లేదో కూడా చూడండి. పెద్ద స్లైడ్లకి సాధారణంగా 48 అంగుళాల ఎత్తు ఉండాలి. మీ చిన్నది 46 దగ్గర ఆగితే ఆ రోజంతా ఏడుపు వినాల్సింది మీరే. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవండి.

ఓడలో కొనాలా, బయట కొనాలా?

అదే పాస్‌ని క్రూజ్ కంపెనీ విహారయాత్రగా అమ్ముతుంది, రవాణా కలిపి, కొంత ఎక్కువ ధరకి. ఆ ఎక్కువ దేనికంటే రెండిటికి. వాతావరణం బాగోలేక ఓడ నాసౌలో ఆగకుండా పోతే డబ్బు వెనక్కి వస్తుంది. రెండోది, వాళ్లు తీసుకెళ్లిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని ఓడ దగ్గరికి చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది, అంతే. గట్టు మీద పరిగెత్తేవాళ్లని చూసి డెక్ మీది జనం చప్పట్లు కొట్టడం క్రూజుల్లో ఒక వినోదం. ఆ వినోదం మనం కాకూడదు.

సొంతంగా కొనడానికే నేను మొగ్గుతాను, డబ్బు తేడా ఎక్కువుంటే. కానీ క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగిచ్చే పాస్‌నే కొనండి. జూన్ నుంచి నవంబర్ దాకా తుపాన్ల కాలం, అప్పుడు మరీ జాగ్రత్త. ఇంకోటి, ఆ రోజు నాసౌలో ఎన్ని ఓడలున్నాయో చూడండి. రేవుల షెడ్యూళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇప్పుడక్కడ ఒకేసారి ఆరు ఓడలు కట్టే చోటుంది. రెండే ఉన్న రోజైతే పాస్ కోసం కంగారు లేదు. ఐదారు ఉంటే పాస్‌లు ముందే అయిపోతాయి, స్లైడ్ల దగ్గర లైన్లు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి.

కాగితాలు

ఇది రిసార్టు సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. హెచ్-1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు అయిపోయినవాళ్లు, "ముప్పై రోజుల్లోపు తిరిగొస్తే పర్లేదు" అన్న మాట నమ్మి బహామాస్ ఓడ ఎక్కకండి. ఆ వెసులుబాటు హెచ్-1బీ వాళ్లకి కెనడా, మెక్సికోలకే. చుట్టుపక్కల దీవులకి కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకైతే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. బహామాస్ వైపు వీసా నియమాలు క్రూజ్ కంపెనీనీ, మీ లాయర్‌నీ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట రేవు కౌంటర్ దగ్గర పనికిరాదు.

దిగే రోజు జేబులో ఉండాల్సినవి ఓడ కార్డు, పెద్దవాళ్లకి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. తిరిగి రేవులోకి రానివ్వాలంటే ఈ రెండూ చూపించాలి.

సంచిలో ఏం పెట్టాలి

తక్కువ. పాస్ క్యూఆర్ కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి రెండు ఫోన్లలో పెట్టండి, అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోకండి. ఓడ మీద ఉన్నంతసేపు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి, సముద్రం మీది సెల్ నెట్‌వర్క్ బిల్లు చూస్తే సరదా అంతా దిగిపోతుంది. ఈత బట్టలు లోపల వేసుకునే బయల్దేరండి. వాటర్ పార్కుల్లో జీన్స్, కాటన్ బట్టలతో స్లైడ్ ఎక్కనివ్వరు. మా అమ్మ చీర మార్చుకోనంది. ఆమె రోజంతా ఒడ్డునే, కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, రుషికొండలో నిలబడినట్టే నిలబడింది. మాలో ఎక్కువ ఆనందించింది ఆవిడే అని నా అనుమానం.

ఓడ నుంచి పండ్లు, వండిన తిండి బయటికి తేకూడదు. సీల్ తీయని బిస్కెట్ ప్యాకెట్లకి ఎవరూ ఏమీ అనరు, కాని కొన్ని రిసార్టులు గేటు దగ్గర ఆపుతాయి. చిల్లర ఉంచుకోండి. బహామాస్ డాలరు, అమెరికా డాలరు ఒకటికొకటి సమానం, ఎక్కడైనా అమెరికా నోటు తీసుకుంటారు. చిల్లర మాత్రం చాలాసార్లు వాళ్ల నోట్లలో ఇస్తారు, అవి దేశం దాటితే చెల్లవు. అక్కడే ఖర్చుపెట్టేయండి. మూడు డాలర్ల నోటు చేతికొస్తే మాత్రం దాచుకోండి. అవును, మూడే. మా చిన్నది దొంగనోటనుకుని తిరిగిచ్చేయబోయింది.

దిగిన పూట

టాక్సీ రేవు బయట ఉన్న స్టాండ్‌లోనే ఎక్కండి. అక్కడ టాక్సీలంటే చాలావరకు వ్యాన్లు, నిండేదాకా కదలవు. రేటు అడిగేటప్పుడు ఒక్క మాట కలపండి: మనిషికా, బండికా? మొదటిసారి డ్రైవర్ చెప్పిన అంకె బండికనుకుని అయిదుగురం హుషారుగా ఎక్కాం. దిగాక తెలిసింది, తలకట. వంతెన టోల్ అందులోనే ఉందా అనీ అడగండి. రోడ్డు దాటేటప్పుడు మన ఊళ్లోలాగా కుడివైపు ముందు చూడాలి, అక్కడ బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. పదేళ్లు అమెరికాలో ఉన్న కళ్లు అది మర్చిపోతాయి.

లోపలికి వెళ్లగానే ఒకరు కుర్చీల కోసం, ఒకరు స్లైడ్ల కోసం విడిపోండి. గొడుగు నీడ ఉన్న కుర్చీలు పదిన్నరకల్లా అయిపోతాయి. అన్నిటికంటే పెద్ద స్లైడ్ ముందు ఎక్కాలి, లైన్ చిన్నగా ఉన్నప్పుడే. లేజీ రివర్, అంటే ట్యూబ్‌లో కూర్చుంటే నీళ్లే తీసుకెళ్లే కాలువ, మధ్యాహ్నానికి దాచుకోండి. భోజనం పదకొండున్నరకి గాని, రెండింటికి గాని. పన్నెండున్నరకి వెళ్తే నాలుగుంపావు గంటల్లో ముప్పావు గంట బర్గర్ లైన్‌లో పోతుంది. ఓడలో భోజనానికి ముందే డబ్బు కట్టేశారు కాబట్టి గట్టిగా టిఫిన్ చేసి, ఇక్కడ ఫ్రైస్‌తో సరిపెట్టుకోవడమూ మర్యాదే.

శాకాహారులకి ఒక మాట. పీస్ అండ్ రైస్ అని కనబడగానే మన అలసంద పులావ్ లాంటిదే అనుకోకండి. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ సాధారణంగా అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు. కాంక్ అన్నది శంఖంలో ఉండే జీవి. మాంసాహారులు మాత్రం నిమ్మరసం, ఉల్లి, మిరప వేసిన కాంక్ సలాడ్ ఒకసారి రుచి చూడాలి. మా ఆవిడ "చింతకాయ పచ్చడి తగిలితే ఇంకా బాగుండేది" అంది. బిల్లులో పదిహేను శాతం టిప్పు ముందే కలిపి ఉంటుంది తరచుగా. చూసుకోకపోతే రెండోసారి ఇస్తారు, మేం ఇచ్చాం.

తిరుగు ప్రయాణం

ఫోన్‌లో రెండున్నరకి అలారం పెట్టండి, ఓడ టైమ్ ప్రకారం. నాసౌలో గడియారం ఫ్లోరిడాతో పాటే నడుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో దీవి కోజుమెల్ వెళ్లే డల్లాస్, హ్యూస్టన్ వాళ్లు మాత్రం జాగ్రత్త. కోజుమెల్‌లో ఏడాదంతా ఒకటే టైమ్, చలికాలంలో టెక్సాస్ కంటే గంట ముందుంటుంది. ఓడ ఏ టైమ్ పాటిస్తుందో దిగేటప్పుడు తలుపు దగ్గర బోర్డు మీద చూసుకోండి.

మొదటిసారి మేం మూడున్నరకి గాని రిసార్టు దాటలేదు. టాక్సీ లైన్‌లో మా ముందు నలభై మంది, అందరి చేతికీ అదే రంగు బ్యాండ్. వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ఓడ దగ్గరికి చేరేసరికి ఇంకా పన్నెండు నిమిషాలే ఉంది. ఆ టెన్షన్‌లో మా ఆవిడ నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను.

రిసార్టులో తువ్వాళ్లు ఇస్తారో లేదో ముందే అడిగి, ఇస్తే ఓడవి గదిలోనే వదిలెళ్లండి. మాకది తెలియక ఓడ తువ్వాళ్లు అయిదు మోసుకెళ్లాం. తిరిగొచ్చి లెక్కపెడితే నాలుగే ఉన్నాయి. చివరి రోజు బిల్లులో అయిదోదానికి 25 డాలర్లు పడ్డాయి. అది మా అమ్మ కాళ్లు తుడుచుకుని కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు.