ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు ప్రకృతి విపత్తుల పాఠం ఎలా చెప్పాలి?

ఈ పాఠాన్ని పాడుచేసే పద్ధతి ఒకటుంది. చాలామంది టీచర్లు అదే పట్టుకుని వదలరు. భూకంపం, సునామీ, అగ్నిపర్వతం, టోర్నడో, కరువు, కార్చిచ్చు బొమ్మలు వరసగా గోడకు అంటిస్తారు. ఒక్కోదాని కింద ఇంగ్లీషు పేరు రాసి క్లాసంతా కోరస్‌గా పలికిస్తారు. చివర్లో గళ్లనుడికట్టు పంచుతారు. గంట సరదాగా గడిచిపోతుంది. ఆ రాత్రే ఫోన్‌లో ఇంగ్లీషు హెచ్చరిక మోగితే మాత్రం అందులో ఒక్క ముక్క అర్థం కాదు. హెచ్చరికలో విపత్తు పేరు ఒకటి రెండుసార్లకు మించి రాదు. మిగతాదంతా ఎవరికి, ఎక్కడ, ఎప్పటిదాకా, ఏం చేయాలి అన్నదే. పాఠం చెప్పాల్సింది దాని గురించి.

నేనేదో పెద్దది చేసి చెప్పడం లేదు. 1987 మే 22న టెక్సస్‌లోని సరగోసా అనే చిన్న ఊరిని టోర్నడో తుడిచిపెట్టేసింది, 30 మంది పోయారు. అక్కడ ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. హెచ్చరిక వాళ్ల భాషలో సరిగా అందలేదు. జపాన్‌లో 1995 కోబే భూకంపమప్పుడు జపనీస్ అంతంతమాత్రంగా వచ్చిన విదేశీయులు ప్రకటనలు అర్థంకాక నానా అవస్థ పడ్డారు. ఆ తర్వాతే అక్కడి భాషావేత్తలు ‘యసాషీ నిహోంగో’ పేరుతో, అంటే తేలిక జపనీస్‌లో, విపత్తు సమాచారం ఎలా చెప్పాలో కూర్చుని తయారుచేశారు. 2024 జనవరి 1న నోటో భూకంపం వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌కే టీవీ తెరమీద చిన్నపిల్లలు కూడా చదవగలిగే అక్షరాల్లో ‘సునామీ! పారిపోండి!’ అని వేసింది. అన్నిచోట్లా మనకోసం భాష తేలిక చేసి పెట్టేవాళ్లు ఉండరు కాబట్టి నేర్చుకునేవాళ్లనే సిద్ధం చేయాలి.

కావలసినవి

బోర్డు, పెన్సిళ్లు, నిజమైన హెచ్చరికల ప్రింట్లు మూడు. హెచ్చరికలు వాతావరణ శాఖల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. పాఠ్యపుస్తకాల కోసం అల్లిన ఉత్తుత్తి హెచ్చరికలు వద్దు, వాటిలో వాక్యాలు మరీ మర్యాదగా ఉంటాయి. ప్రొజెక్టర్ అక్కర్లేదు.

1. ఒక్క విపత్తునే తీసుకోండి

ఒక క్లాసుకు ఒకటే. నేర్చుకునేవాళ్లు ఉంటున్న చోట దేనికి ఎక్కువ అవకాశముందో అదే. సముద్రానికి ఎంతో దూరంగా ఉన్నవాళ్లకు సునామీ, అగ్నిపర్వతం ఛాయల్లో లేనివాళ్లకు లావా చెప్పడం కాలక్షేపం. వంటసోడా, వెనిగర్ కలిపి నురగ పొంగించే అగ్నిపర్వతం ప్రయోగం గురించి నన్ను అడగకండి. దాంతో వచ్చే ఇంగ్లీషు ‘వావ్’ ఒక్కటే.

తుపాను ఎంచుకుంటే సైక్లోన్, హరికేన్, టైఫూన్ వేరువేరా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మూడూ ఒకటే. అట్లాంటిక్‌లోనూ తూర్పు పసిఫిక్‌లోనూ హరికేన్, వాయువ్య పసిఫిక్‌లో టైఫూన్, హిందూ మహాసముద్రంలో సైక్లోన్. రెండు నిమిషాల్లో చెప్పేసి ముందుకు కదలండి. కొందరు ఇక్కడే కూర్చుని గాలివేగాల పట్టిక వేసి సగం క్లాసు తినేస్తారు.

2. ఎదురుగా ఎవరున్నారో గుర్తుంచుకోండి

మీ క్లాసులో వరదలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు, మనిషిని పోగొట్టుకున్నవాళ్లూ ఉండొచ్చు. వాళ్లు ఆ సంగతి మీకు చెప్పి ఉండరు. అందుకే ఏం పాఠం రాబోతోందో ముందు క్లాసులోనే చెప్పండి. ‘నీకు జరిగింది చెప్పు’ అని ఎవరినీ లేపి నిలబెట్టకండి. అనుభవం పంచుకోవడం మంచి స్పీకింగ్ అభ్యాసమని శిక్షణల్లో నూరిపోస్తారు గానీ, తనకింకా మాటలు రాని భాషలో కన్నీళ్లు తెప్పించే సంగతి నలుగురి ముందు చెప్పమనడం అభ్యాసం అనిపించుకోదు. చెప్పాలనిపించినవాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు. అప్పుడు కూడా మధ్యలో వ్యాకరణం దిద్దకండి.

వీడియోలు వేయకండి. అల ఊరిమీద పడే దృశ్యం చూస్తూ ఎవరూ ఇంగ్లీషు నేర్చుకోరు, నోరు తెరుచుకుని చూస్తారంతే.

3. ఎనిమిది మాటలు, ఎక్కువగా క్రియలు

ఎనిమిదికి మించకూడదు. ‘సీస్మాలజీ’, ‘ఎపిసెంటర్’ ఎవరి ప్రాణాన్నీ కాపాడవు. లీవ్, స్టే, మూవ్, అవాయిడ్, బాయిల్, టర్న్ ఆఫ్, ఎవాక్యుయేట్, షెల్టర్. ఇవి చేసి చూపించాల్సిన మాటలు, చెప్పి వదిలేసేవి కావు. భూకంపం పాఠమైతే డ్రాప్, కవర్, హోల్డ్ ఆన్. అందరూ నిజంగానే నేలకు వంగి, బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకోవాలి. పెద్దవాళ్లు సిగ్గుపడతారు. ముందు మీరు దూరండి.

వరద పాఠమైతే బోర్డుమీద ఒక మనిషినీ ఒక కారునూ గీసి, పారే నీటి లోతు చూపించండి. 15 సెంటీమీటర్ల నీళ్లు మనిషిని పడేయగలవు. 30 సెంటీమీటర్లు చిన్న కారును, 60 సెంటీమీటర్లు దాదాపు ఏ బండినైనా కొట్టుకుపోయేలా చేయగలవు. ‘కెన్’ అనే సహాయక్రియకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. అంకెలు చూసి క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది, ఆ తర్వాత వాక్యాలు మీరు అడక్కుండానే వస్తాయి.

4. హెచ్చరిక చదివించడం

ఇక్కడ తొందరపడితే పైనంతా వృథా. క్లాసులో సగం సమయం దీనికే పోవాలి.

మొదటి చిక్కు స్థాయిలు. అమెరికాలో ‘టోర్నడో వాచ్’ అంటే టోర్నడో పుట్టే పరిస్థితులు ఉన్నాయి, సిద్ధంగా ఉండు అని. ‘టోర్నడో వార్నింగ్’ అంటే టోర్నడో కనబడింది లేదా రాడార్‌లో దొరికింది, ఈ క్షణమే తలదాచుకో అని. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా పట్టుకుంటారు. వాచ్ అంటే చూడు అన్న ఆజ్ఞ కాబట్టి అదే గట్టిది అనుకుంటారు. వార్నింగ్ అంటే ఎవరో మందలిస్తున్నారు, ఇంకా టైముంది అనుకుంటారు. పోనీ ఒకసారి నేర్పేశాం కదా అంటే, ఆస్ట్రేలియాలో మధ్య స్థాయి పేరే ‘వాచ్ అండ్ యాక్ట్’. కింద ‘అడ్వైస్’, పైన ‘ఎమర్జెన్సీ వార్నింగ్’. బ్రిటన్‌లో ఎల్లో, ఆంబర్, రెడ్. భారత వాతావరణ శాఖ లెక్క ఎల్లో, ఆరెంజ్, రెడ్. కాబట్టి నిఘంటువు తెరిచి అర్థం చెప్పకండి. మీ క్లాసువాళ్లు ఏ దేశంలో ఉన్నారో, లేక ఏ దేశానికి వెళ్లబోతున్నారో, అక్కడి స్థాయిలు మాత్రమే బోర్డుమీద నిచ్చెన మెట్లలా గీయండి. ఒక్కో మెట్టు పక్కన నిర్వచనం వద్దు, చేయాల్సిన పని రాయండి: ఫోన్ ఛార్జ్ చేయి, సంచి సర్దు, వెళ్లిపో. రెండు దేశాల పద్ధతులు ఒకే రోజు చెబితే రెండూ కలగాపులగం అవుతాయి. అడిగినా చెప్పకండి.

రెండో చిక్కు వెళ్లాలా, ఉండాలా అన్నది. ‘ఎవాక్యుయేట్’ అంటే వెళ్లిపోవాలి. ‘షెల్టర్ ఇన్ ప్లేస్’ అంటే ఉన్నచోటే లోపల ఉండాలి. షెల్టర్ అన్న మాట చెవిన పడగానే చాలామంది పునరావాస కేంద్రానికి వెళ్లమంటున్నారనుకుని తలుపు తీసుకుని బయటికి నడుస్తారు. టోర్నడో వేళ ఇంతకన్నా ప్రమాదకరమైన అపార్థం ఇంకోటి ఉండదు. ఇక ‘వాలంటరీ ఎవాక్యుయేషన్’ అంటే వెళ్లిపోవడం మంచిది, కానీ బలవంతం లేదు అని. దాన్ని విని వాలంటీర్లు వచ్చి తీసుకెళ్తారని ధీమాగా కూర్చునేవాళ్లూ ఉంటారు. ఈ మూడూ చెప్పాక గదికి ఒకవైపు ‘గో’, ఇంకోవైపు ‘స్టే’ అని రాసి అంటించండి. మీరు హెచ్చరికలోంచి ఒక్కో వాక్యం చదువుతుంటే వాళ్లు ఆ వైపుకు నడవాలి. పక్కవాడిని చూసి నడిచేవాళ్లు దొరికిపోతారు. వాళ్లను ముందు వరసలో నిలబెట్టండి.

మూడోది గడియారం. ‘బై 6 పీఎం’ అంటే ఆరింటికల్లా, ‘అన్‌టిల్ 6 పీఎం’ అంటే ఆరింటిదాకా. తెలుగువాళ్లకు ఇలా చెబితే ఒక్క నిమిషంలో పట్టుబడుతుంది, మిగతావాళ్లకు గీత గీసి బాణం గుర్తుతో చూపించాలి. ‘లీవ్ బై 6’ ను ఆరింటికి బయల్దేరమన్నారని చదివిన మనిషి నీళ్లలో చిక్కుకుంటాడు.

నాలుగోది నిపుణులు వాడే పదాలు. 2013 నవంబరులో హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను తాకినప్పుడు 6,000 మందికి పైగా చనిపోయారు. టక్లోబాన్ నగరంలో ఎక్కువ ప్రాణాలు తీసింది సముద్రం ఎగదన్నిన ఉప్పెన. ముందే హెచ్చరిక వచ్చింది, అందులో ‘స్టార్మ్ సర్జ్’ అని స్పష్టంగా ఉంది. ఆ మాట విన్నా అదేమిటో అర్థంకాలేదనీ, సునామీ లాంటిది అని చెప్పి ఉంటే పరిగెత్తేవాళ్లమనీ బతికినవాళ్లలో చాలామంది అన్నారు. వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు వచ్చు. అందుకే ఇలాంటి మాట తగిలినప్పుడు అనువాదం చెప్పి ఊరుకోవద్దు. ఇల్లు గీయండి, నీటిమట్టం ఎక్కడిదాకా వస్తుందో గీత పెట్టండి, ఎక్కడికి వెళ్లాలో బాణం గీయండి.

ఇప్పుడు ప్రింట్లు పంచండి. ఉదాహరణకు ఇలాంటి వాక్యాలుంటాయి: ‘ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ ఇన్ ఎఫెక్ట్ ఫర్ లో-లయింగ్ ఏరియాస్ అన్‌టిల్ 9 పీఎం. మూవ్ ఇమ్మీడియట్లీ టు హయ్యర్ గ్రౌండ్. డు నాట్ డ్రైవ్ త్రూ ఫ్లడెడ్ రోడ్స్.’ బోర్డుమీద నాలుగు ప్రశ్నలు ముందే ఉండాలి. ఇది నాకేనా? ఎప్పటిదాకా? ఉండాలా, వెళ్లాలా? ఏం చేయకూడదు? జవాబున్న మాటల కింద పెన్సిల్‌తో గీత గీసి, మిగతావి కొట్టేయమనండి. ‘ఇన్ ఎఫెక్ట్’ అంటే ఏమిటని చేతులు లేస్తాయి. కొట్టేయమనండి. తెలియని మాట దగ్గర ఆగిపోకుండా దాటి వెళ్లడమే ఇక్కడ నేర్వాల్సిన విద్య. ‘లో-లయింగ్’ దగ్గర మాత్రం ఆగాలి, అది మొదటి ప్రశ్నకు జవాబు.

ఒక్క హెచ్చరికకు 90 సెకన్లు. గట్టిగా చదివించకండి, ఉచ్చారణ మీద ధ్యాస పడితే అర్థం గాల్లో కలిసిపోతుంది. వరస వెంబడి అనువాదమూ వద్దు. అది నమ్ముకున్న క్లాసులు మొదటి వాక్యానికే ఐదు నిమిషాలు తింటాయి, ఈలోపు నీళ్లు గుమ్మం దాటుతాయి. ‘డు నాట్’ ను మాత్రం గుండ్రంగా చుట్టించండి. కంగారులో ఉన్న కన్ను ‘నాట్’ ను దాటేసి ‘డ్రైవ్’ మీద వాలుతుంది. ఇది బాగా చదువుకున్నవాళ్లకూ జరుగుతుంది.

రెండో హెచ్చరికకు సెకన్లు తగ్గించండి. మూడోది చదివేటప్పుడు గదిలో చప్పుడు చేయండి, కుర్చీలు జరపండి, ఫోన్ మోగించండి. నిజంగా వచ్చే రోజు నిశ్శబ్దంగా ఉండదు. భూకంపం పాఠమైతే ఈ దశ కాస్త చిన్నదవుతుంది, ముందస్తు హెచ్చరిక ఉన్నచోట కూడా చేతిలో ఉండేవి కొద్ది సెకన్లే. అక్కడ చదవడం కన్నా వంగడం ముఖ్యం.

5. ఫోన్ చేయడం, పక్కవాళ్లకు చెప్పడం

జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు అత్యవసర కేంద్రం, ఒకరు పిలిచేవాళ్లు. నెంబరు ఏదో వాళ్లున్న దేశాన్ని బట్టి: అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, యూరప్‌లోనూ భారత్‌లోనూ 112. మర్యాదగా ‘హలో, గుడ్ ఈవెనింగ్, మై నేమ్ ఈజ్’ అని మొదలుపెట్టినవాళ్ల ఫోన్ అక్కడే కట్ చేయండి. మొదటి మాట చిరునామా. లైన్ తెగిపోయినా వాళ్లు రాగలిగేది దాంతోనే. ఇంగ్లీషు అందకపోతే తమ భాష పేరు ఇంగ్లీషులో చెప్పడం కూడా నేర్పండి. అమెరికాలో చాలా కేంద్రాలు లైన్‌లోకి దుభాషిని తీసుకొస్తాయి.

పక్కవాళ్లకు చెప్పే వాక్యాలు చిన్నవిగా ఉండాలి. 2004 డిసెంబరు 26న థాయిలాండ్‌లోని మై ఖావో బీచ్‌లో పదేళ్ల టిల్లీ స్మిత్ నీళ్లు నురగలు కక్కుతూ వింతగా కదలడం చూసి, అది సునామీ గుర్తని అమ్మానాన్నలతో పట్టుబట్టి చెప్పింది. రెండు వారాల ముందే బడిలో భూగోళం క్లాసులో ఆ సంగతి విని ఉంది. బీచ్ ఖాళీ చేయించగలిగారు. ఆ పాపకు ఇంగ్లీషు సొంత భాష. మీవాళ్లకు అదే సమాచారం నాలుగు మాటల్లో చెప్పడం రావాలి: ‘లుక్. సీ (సముద్రం). డేంజర్. రన్.’ వ్యాకరణం లేదని ముఖం చిట్లించకండి.

6. పరీక్ష

అదే రోజు పెట్టకండి. వారం పోయాక, వేరే పాఠం మధ్యలో, ఏమీ చెప్పకుండా కొత్త హెచ్చరిక ఒకటి బల్లలమీద పెట్టి నాలుగు ప్రశ్నలకు జవాబు అడగండి. ‘ఉండాలా, వెళ్లాలా’ తప్పినవాళ్లకు మిగతా మూడు సరైనా మార్కు లేదు. వాళ్లతో నాలుగో దశ మళ్లీ చేయించండి, ఈసారి విపత్తును మార్చకుండా హెచ్చరికను మాత్రం మార్చి.