డీ డ్రైవ్ వేరే డిస్క్ కాదు: లినక్స్ వేసుకునే ముందు జాగ్రత్తలు

ఆమదాలవలసలో ఫొటో స్టూడియో నడుపుతున్న ఒకరు ఈమధ్య తన పాత కంప్యూటర్లో విండోస్ తీసేసి, దాని బదులు లినక్స్ మింట్ (ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలలో ఒకటి) వేసుకున్నారు. పెళ్ళి ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లోకి మార్చుకున్నాకే పని మొదలుపెట్టారు. ఇన్‌స్టాలేషన్ ఏ ఆటంకమూ లేకుండా పూర్తయింది, కానీ ఆ తర్వాత చూస్తే డీ డ్రైవ్ లేదు. ఇంకా ఆల్బం చేయించుకోని కుటుంబాల ఫొటోలు దానితోపాటే పోయాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11కు పనికిరాని పాత లాప్‌టాప్‌లలో లినక్స్ వేసుకుంటున్నవారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇంకా పెరుగుతారు. ఆ నిర్ణయం మంచిదే. దాని వల్ల ఎవరి ఇంటి ఫొటోలూ పోకూడదు.

అసలు పొరపాటు

లినక్స్ కష్టమని భయపడి నష్టపోయినవారిని నేను చూడలేదు. డీ డ్రైవ్‌ను నమ్మి నష్టపోయినవారిని మాత్రం పదేపదే చూస్తున్నాను. సీ, డీ, ఈ అని విండోస్ చూపించేవి చాలా కంప్యూటర్లలో ఒకే హార్డ్‌డిస్క్‌లోని భాగాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అన్న ఎంపికను నొక్కితే చెరిగిపోయేది సీ ఒక్కటే కాదు, డిస్క్ మొత్తం. పై అరలోని నగలను కింది అరలోకి మార్చి, బీరువానే అమ్మేసినట్టు అవుతుంది. పైగా లినక్స్‌లో సీ, డీ అన్న పేర్లే ఉండవు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 వంటి పేర్లు కనిపిస్తాయి కాబట్టి, కొత్తవారు ఏది తమ డీ డ్రైవో పోల్చుకోలేక, తేలికగా కనిపించిన మొదటి ఎంపికనే నొక్కేస్తారు.

అందువల్ల నకలు వేరే పరికరంలో ఉండాలి. బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఫైళ్ళు ఎక్కించి, దానిని మరో కంప్యూటర్‌కు తగిలించి, నాలుగైదు ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ తర్వాత కేబుల్ పీకి పక్కన పెట్టండి. అది తగిలించే ఉంటే, చెరపవలసిన డిస్క్‌ను ఎంచుకునే జాబితాలో అది కూడా కనిపిస్తుంది. ఒకవేళ పొరపాటు జరిగిపోతే వెంటనే సిస్టం ఆపండి. పాత సమాచారం మీద కొత్తది పడేకొద్దీ తిరిగి దొరికే ఆశ తగ్గుతుంది. ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో సమాచారం దాచే డిస్క్) అయితే ఆ ఆశ మొదటే చాలా తక్కువ.

కరెంటు

విండోస్‌ను ఉంచుకొని పక్కన లినక్స్ వేసుకోవాలంటే విండోస్ భాగాన్ని కుదించాలి. డిస్క్‌లోని ఫైళ్ళను జరిపే ఆ పని మధ్యలో కరెంటు పోతే రెండూ దెబ్బతినవచ్చు. మనకు అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం; 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో అందరికీ గుర్తే. వాయుగుండం వార్త ఉన్న రోజున ఈ పని పెట్టుకోకండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్న ధీమాతో, బ్యాటరీ పోయిన లాప్‌టాప్‌లో కూడా మొదలుపెట్టకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులోనే కొన్ని సిస్టంలు ఆగిపోతాయి.

విండోస్ తీయకూడనివారు

అను ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీవారు, టాలీలో లెక్కలు రాసేవారు ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకండి. ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం చేసినవి. లినక్స్‌ను వేరే యంత్రంలో నేర్చుకోండి.

ఇక మిగిలినవి.

లినక్స్ వేసుకోవడానికి దించుకునే ఐఎస్‌ఓ ఫైలును అధికారిక సైటు నుంచే తీసుకోండి, ఫైలు మారలేదని తేల్చే చెక్‌సమ్ సరిచూడండి. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు లినక్స్ మింట్ సైటులోకే చొరబడి, దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ అంటగట్టారు.

ఐఎస్‌ఓ ఎక్కించే పెన్‌డ్రైవ్ కూడా పూర్తిగా చెరిగిపోతుంది. అందులో ఏమీ ఉంచకండి.

ముందు పెన్‌డ్రైవ్ మీదనే లినక్స్ నడిపి వైఫై, సౌండ్ చూడండి. పనిచేయకపోతే ఇన్‌స్టాల్ చేయకండి.

విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

విండోస్ త్వరగా తెరుచుకునేందుకు ఉండే ఫాస్ట్ స్టార్టప్ అన్న సెట్టింగును ఆపండి. లేకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, దాని ఫైళ్ళలోకి లినక్స్ నుంచి ఏదీ రాయలేరు.

మింట్‌లో నకళ్ళు తీసే టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టంనే కాపాడుతుంది, మీ ఫొటోలను కాదు. దాని నకళ్ళు అదే డిస్క్‌లో ఉంటే మళ్ళీ డీ డ్రైవ్ పొరపాటే చేస్తున్నారు. వేరే డిస్క్, వేరే డిస్క్.

అందం కోసం థీమ్‌లు కనిపించినవన్నీ ఎక్కించకండి. 2024 మార్చిలో కేడీఈ (లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటి) స్టోర్ నుంచి దించుకున్న ఒక గ్లోబల్ థీమ్ ఒక వినియోగదారుడి సొంత ఫైళ్ళనే తుడిచేసింది. థీమ్ అంటే రంగులే కాదు, దానితో ప్రోగ్రామ్ కూడా రావచ్చు.

ఒకసారి ఒక్క మార్పే చేయండి. ఏది చెడగొట్టిందో అప్పుడే తెలుస్తుంది.

సుడోతో (సిస్టం మీద పూర్తి అధికారం ఇచ్చే మాట) మొదలయ్యే కమాండ్‌ను అర్థం కాకుండా అతికించకండి.

ఏదైనా తీసేసేటప్పుడు తొలగిపోయే ప్యాకేజీల (సాఫ్ట్‌వేర్ భాగాల) జాబితా కనిపిస్తుంది. చివరి దాకా చదవండి. అందులో సిన్నమన్ (మింట్ డెస్క్‌టాప్) గానీ పైథాన్3 (సిస్టం ఆధారపడే ప్రోగ్రామింగ్ భాష) గానీ ఉంటే ‘ఎన్’ (వద్దు) నొక్కి బయటికి రండి.