ముఖం మారిందా, ఫొటో మారిందా? చర్మ సంరక్షణ ఫొటోల్లో సమస్యలు - పరిష్కారాలు

మంగుకో, మొటిమలకో, మొటిమలు మానిన తరువాత మిగిలిపోయే నల్లమచ్చలకో మందు మొదలుపెట్టినవారు నెలకొక ఫొటో తీసి దాచుకోవడం మంచి అలవాటు. రోజూ అద్దంలో చూసుకునే ముఖంలో మెల్లగా వచ్చే మార్పును కన్ను పట్టుకోలేదు. అయితే విజయనగరంలో మా చెల్లెలు మంగుకు మందు వాడిన ఆరు నెలల ఫొటోలను ఒకచోట పేర్చి చూసినప్పుడు, నేను తీసిన మొదటి మూడు నెలల ఫొటోలు దేనికీ పనికిరావని తేలింది. ఒకదానిలో ఆమె చామనచాయగా ఉంది, ఒకదానిలో పచ్చగా ఉంది, ఇంకొకదానిలో నీలం కలిసిన తెలుపులో ఉంది. “ఏటప్పా, తగ్గిందా లేదా?” అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తరువాత ఒక్కొక్క తేడాకు కారణం వెతికి సరిచేసుకున్న తీరును సమస్యల వారీగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక పరీక్ష

ఏ సమస్యకైనా ముందు, తేడా చర్మానిదా ఫొటోదా అన్నది తేల్చుకోవాలి. ముఖం మీదనో మెడ మీదనో ఉన్న ఒక పుట్టుమచ్చను గుర్తు పెట్టుకోండి. మందు రాయని చోట ఉన్న పుట్టుమచ్చ నెలకొక రంగు మారదు. రెండో ఫొటోలో మంగుతో పాటు పుట్టుమచ్చ కూడా లేతబడి కనిపిస్తే మారింది వెలుతురే గాని ముఖం కాదు. పుట్టుమచ్చ అలాగే ఉండి మంగు ఒక్కటే లేతబడితే అది నమ్మదగిన మార్పు. ఫ్రేములో ఒక మూలగా ఒక తెల్ల కాగితం ముక్కను కూడా పెట్టుకుంటే మరీ మంచిది. కాగితం ఒక ఫొటోలో తెల్లగా, మరొకదానిలో పసుపుగా ఉంటే ఆ రెండింటినీ పోల్చకూడదు.

రెండో పరీక్ష ఇంకా సులువు. ఒక ఫొటో తీసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి, పది నిమిషాల తరువాత అన్నీ మళ్లీ మొదటి నుంచి అమర్చి రెండో ఫొటో తీయండి. పది నిమిషాల్లో చర్మం మారదు కాబట్టి, ఆ రెండు ఫొటోలు ఒకేలా రాకపోతే మీ పద్ధతిలో లోపం ఉన్నట్టే.

సమస్య: నెలనెలా చర్మం రంగు మారినట్టు కనిపిస్తోంది

దీనికి కారణాలు మూడు, తరచుగా మూడూ కలిసే ఉంటాయి. మొదటిది దీపం రంగు. వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు. అట్టపెట్టె మీద 6500 కెల్విన్ అని రాసి ఉన్న బల్బు తెల్లటి, కాస్త నీలం కలిసిన వెలుగును ఇస్తుంది. 3000 కెల్విన్ బల్బు పసుపు వెలుగును ఇస్తుంది. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు రెండూ కలిసి ముఖం మీద పడితే ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకొక రంగు అవుతాయి. రెండోది గది గోడల రంగు. చిలకపచ్చ గోడ ఉన్న గదిలో, ఎర్రచాప పక్కన, ముదురు రంగు చీర కట్టుకుని తీసిన ఫొటోలో ఆ రంగు గడ్డం కింద, చెంపల అంచున ప్రతిఫలిస్తుంది. మూడోది కెమెరా తెలివి. ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా ప్రతిసారీ వెలుతురును తానే అంచనా వేసి రంగును, కాంతిని సవరిస్తుంది. ఫ్రేములో తెల్లగోడ ఎక్కువగా ఉంటే కాంతిని తగ్గించి ముఖాన్ని నల్లబరుస్తుంది. నల్లటి పరదా ఉంటే కాంతిని పెంచి ముఖాన్ని తెల్లబరుస్తుంది. మా చెల్లెలు ఒక నెలలోనే “తెల్లబడటం” వెనుక ఉన్నది ఆ రోజు వెనుక వేలాడుతున్న నల్ల శాలువా మాత్రమే.

పరిష్కారం కూడా ఆ వరుసలోనే ఉంది. ఒకే రకమైన వెలుగులో, ఒకే గదిలో తీయాలి. వెనుక బూడిదరంగు దుప్పటి ఒకటి కట్టి, భుజాల మీద ప్రతిసారీ అదే తెల్ల తువ్వాలు కప్పుకోవాలి. ఫోనులో ప్రో మోడ్ (కెమెరా అమరికలను మనమే పెట్టుకునే పద్ధతి) ఉంటే వైట్ బ్యాలెన్స్ (రంగు సవరణ), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు), షట్టర్ (వెలుతురును లోపలికి రానిచ్చే సమయం) మూడింటినీ ఒకసారి సరిచూసి, ఆ అంకెలను పుస్తకంలో రాసుకుని, ప్రతినెలా అవే పెట్టాలి. ప్రో మోడ్ లేని ఫోనులో తెర మీద కనిపించే చెంపను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, కాంతి అక్కడికి లాక్ అవుతాయి. బల్బు వెలుగులో ఫొటో మీద అడ్డచారలు వస్తుంటే షట్టరును సెకనులో వందో వంతుకు గాని, యాభయ్యో వంతుకు గాని మార్చండి; మన విద్యుత్తు 50 హెర్ట్జ్ (సెకనుకు యాభై ఆవృత్తులు) కాబట్టి దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి, ఆ లయకు షట్టరు కుదిరితే చారలు పోతాయి.

ఇక్కడే ఒక మాట. మొత్తం ముఖం ఎంత తెల్లగా ఉందన్నది అసలు కొలత కాదు. మంగుకు, దాని పక్కనే ఉన్న మామూలు చర్మానికి మధ్య తేడా ఎంత తగ్గిందన్నదే కొలత. ఆ తేడా ఒకే ఫొటోలో కనిపిస్తుంది కాబట్టి, వెలుతురు కాస్త అటూ ఇటూ అయినా అంతగా మోసం చేయదు.

సమస్య: ఒక నెల గుంటలు లోతుగా కనిపిస్తాయి, మరో నెల మాయమవుతాయి

వెలుతురు ఏ దిక్కు నుంచి పడుతోందో దానిని బట్టి చర్మం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎదురుగా పడే వెలుతురులో నీడలు ఉండవు; మంగు, నల్లమచ్చలు, ఎరుపు వంటి రంగు తేడాలు స్పష్టంగా తెలుస్తాయి, గుంటలు మాత్రం దాగిపోతాయి. పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుతురులో ప్రతి గుంటకు, ప్రతి పొక్కుకు ఒక నీడ పడుతుంది. అందువల్ల మొటిమల గుంటలకు చికిత్స పొందేవారు మొదటి ఫొటోను పక్క వెలుతురులోను, మూడో నెల ఫొటోను ఎదురు వెలుతురులోను తీసుకుంటే వైద్యం అద్భుతంగా పనిచేసినట్టే అనిపిస్తుంది. అమ్మకానికి పెట్టే “ముందు, తరువాత” ఫొటోల్లో కొన్నింటి రహస్యం ఇదే.

కిటికీని నమ్ముకున్నవారికి ఇంకొక చిక్కు ఉంది. అరసవల్లి గుడిలో స్వామి పాదాలను సూర్యకిరణాలు మార్చి రెండో వారంలోను, అక్టోబరు తొలి రోజుల్లోను మాత్రమే తాకుతాయని మన జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గర్భగుడిలోకి ఏడాదంతా ఒకే తీరున రాని ఎండ మన వంటింటి కిటికీలోకి మాత్రం ఎందుకు వస్తుంది? శ్రీకాకుళంలో జూన్‌లో సూర్యోదయం సుమారు ఐదుంబావుకు అయితే, డిసెంబరు చివరలో ఆరుంబావు దాటాక అవుతుంది. అంటే గడియారంలో ఎనిమిది గంటలే అయినా, డిసెంబరులో సూర్యుడు ఇంకా కిందనే ఉండి ఏటవాలు వెలుతురునిస్తాడు. ఉత్తరపు కిటికీలో నేరుగా ఎండ పడదని చెబుతారు గాని, మన అక్షాంశంలో మే రెండో వారం నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు కాబట్టి ఆ నెలల్లో ఆ మాట చెల్లదు.

కిటికీ తప్ప దారి లేకపోతే దానికి ఒక పాత తెల్ల పంచె కట్టి వెలుతురును మెత్తబరచండి. పొందూరు ఖద్దరు పంచె ఆ పనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది గాని, దానిని కిటికీకి కడతానంటే ఇంట్లో ఎవరూ ఇవ్వరు. ముసురు పట్టిన వానాకాలంలో ఈ ఉపాయం కూడా అంతగా పనిచేయదు. అందుకే నా ఓటు రాత్రిపూట దీపాలకే. తలుపులు, కిటికీలు మూసి, ఒకే కంపెనీవి, ఒకే కెల్విన్‌వి రెండు ఎల్‌ఈడీ బల్బులను ముఖానికి అటూ ఇటూ, కంటి ఎత్తులో, సమాన దూరంలో పెట్టండి. రంగు మచ్చల కోసం రెండూ వెలిగించి ఒక ఫొటో, గుంటల కోసం ఒకటి ఆర్పి ఒక ఫొటో తీసుకుంటే రెండు అవసరాలూ తీరతాయి. ఏ ఫొటో ఏ వెలుగులో తీశారో రాసుకోవడం మరవకండి. ఫ్లాష్ జోలికి పోవద్దు. జిడ్డు మీద దాని మెరుపు పడి కింద ఉన్న మచ్చను కప్పేస్తుంది.

సమస్య: మందు పనిచేసిందో లేదో గాని ఫొటోలో చర్మం నున్నగా ఉంది

చాలా ఫోన్ల ముందు కెమెరాలో బ్యూటీ సవరణ మనం అడగకుండానే పనిచేస్తూ ఉంటుంది. సెట్టింగుల్లో దానిని సున్నాకు తేవాలి. ఫిల్టర్లు, పోర్ట్రెయిట్, నైట్ మోడ్ కూడా ఆపాలి. వెనుక కెమెరా వాడగలిగితే అదే మేలు. అయినా ఫొటో మసకగా, మెత్తగా వస్తుంటే లెన్సును చూడండి. చెమటచేతులతో, కొబ్బరినూనె వేళ్లతో పట్టుకున్న ఫోను లెన్సు మీద పేరుకున్న జిడ్డు ఏ ఫిల్టరుకూ తీసిపోదు. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే సరిపోతుంది.

సమస్య: ముఖం ఆకారమే వేరుగా ఉంది, ముక్కు పెద్దదిగా వచ్చింది

కారణం దూరం. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు వెడల్పు, 5 అడుగుల నుంచి తీసినదానితో పోలిస్తే సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. చేయి చాచి తీసుకునే సెల్ఫీలో దూరం ప్రతిసారీ మారుతుంది, దానితో పాటు మచ్చ పరిమాణమూ మారుతుంది. ఫోనును స్టాండు మీద గాని, బియ్యం డబ్బాకు ఆనించి గాని నిలిపి, నాలుగైదు అడుగుల దూరంలో కూర్చుని, టైమరు పెట్టి తీయాలి. ముఖం చిన్నదిగా వస్తే జూమ్ రెండింతలు చేసి, ప్రతిసారీ అంతే ఉంచాలి. కుర్చీ కాళ్ల చోటు నేల మీద గుర్తు పెట్టాలి. ముగ్గుపిండి గీత మర్నాటి తడిగుడ్డకు పోతుంది, గోళ్లరంగు చుక్క నిలుస్తుంది.

తల నిలకడకు స్టిక్కర్ బొట్లను మించిన సాధనం నాకు దొరకలేదు. కెమెరా వెనుక గోడ మీద, కంటి ఎత్తులో ఒక బొట్టు అతికించి చూపును అక్కడ నిలపాలి. చెవిరంధ్రం పైఅంచును, కంటిగుంట కింది అంచును కలిపే గీత నేలకు సమాంతరంగా ఉంటే తల నిటారుగా ఉన్నట్టు. ఎడమ, కుడి వైపు ఫొటోలకు గోడల మీద ఇంకో రెండు బొట్లు పెట్టి, మెడను మాత్రమే కాకుండా కుర్చీతో సహా సగం తిరగాలి. ముక్కు కొన అవతలి చెంప అంచును తాకినట్టు కనిపించే చోట ఆగితే ప్రతినెలా అదే కోణం వస్తుంది.

కుడిచెంప మచ్చ ఎడమచెంప మీద కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. కొన్ని ముందు కెమెరాలు అద్దంలోని బొమ్మను దాచుతాయి. సెట్టింగుల్లో మిర్రర్ ఆపితే సరి.

సమస్య: ముఖం ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా, ఒకసారి పాలిపోయి ఉంది

ముఖం కడిగి తువ్వాలుతో గట్టిగా తుడిచిన వెంటనే ఎరుపు వస్తుంది కాబట్టి, కడిగాక ఇరవై నిమిషాలు ఆగాలి. ముందురోజు పసుపు రాసుకోకూడదు. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తెల్లటి పొరను మిగులుస్తుంది కాబట్టి అది లేకుండానే తీయాలి. ఎండన పడి వచ్చిన రోజున, పైడితల్లమ్మ సిరిమానోత్సవం జనంలో తిరిగి వచ్చిన రోజున ఫొటో వద్దు. కళ్లజోడు, ముక్కుపుడక, బొట్టు తీసేసి, జుట్టును బ్యాండుతో వెనక్కి కట్టుకోవాలి. బొట్టు తీసినచోట తెల్లమచ్చ కనిపిస్తే దానిని ఫొటో దోషంగా కొట్టిపారేయకండి. కొన్ని స్టిక్కర్ల జిగురులోని రసాయనం వల్ల అక్కడ రంగు నిజంగానే పోతుంది. వైద్యులకు చూపించి, స్టిక్కర్లను గోడ గుర్తులకే పరిమితం చేయడం మంచిది.

సమస్య: ఫొటోలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మార్పు మాత్రం లేదు

పెద్దవారిలో పైచర్మం కొత్తగా ఏర్పడటానికే సుమారు నాలుగు వారాలు, వయసు పైబడినకొద్దీ ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మొటిమల మందుల ఫలితం రెండు మూడు నెలలకు గాని తెలియదు, మంగుకు ఇంకా ఓపిక కావాలి. రోజూ ఫొటో తీసి రోజూ నిరాశపడటం కన్నా నాలుగు వారాలకొకటి తీయడం నయం. నెలసరికి ముందు వారంలో మొటిమలు ఎక్కువయ్యే ఆడవారికి ఈ ఎడం మరీ ఉపయోగం, ఎందుకంటే ప్రతి ఫొటో దాదాపు నెలసరి చక్రంలోని అదే దశలో పడుతుంది. రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి) మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మొటిమలు పెరిగినట్టు ఫొటో చూపిస్తే అది ఫొటో తప్పు కాదు, చాలాసార్లు మందు తప్పూ కాదు. వైద్యులను అడగకుండా ఆపకండి.

దీనికి ఎదురు సమస్య ఎక్కువ ప్రమాదకరం. పుట్టుమచ్చ పరీక్ష నెగ్గిన ఫొటోలో పది పదిహేను రోజులకే ముఖమంతా తెల్లబడి నున్నగా కనిపిస్తే, డాక్టరు చీటీ లేకుండా కొన్న క్రీము ట్యూబు మీది పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ వంటివి స్టీరాయిడ్లు. వీటిని నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, సన్నటి ఎర్రనరాలు తేలి, అవాంఛిత రోమాలు, మొటిమలు వస్తాయి. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది కాబట్టి, ఫొటోలతో పాటు ఆ ట్యూబును కూడా చర్మవైద్యుల దగ్గరకు తీసుకువెళ్లి, ఎలా మాన్పించాలో వారినే నిర్ణయించనివ్వండి.

సమస్య: డాక్టరుగారికి పంపితే మసకగా ఉన్నాయన్నారు

వాట్సాప్ ఫొటోను మామూలుగా పంపితే కుదించి, తీసిన తేదీ వివరాలను కూడా తొలగిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. ఫైలు పేరులోనే తేదీ, కోణం, వెలుగు రాసి పెట్టుకోవాలి. ఉదాహరణకు “2025-01-12 ఎడమ రెండుబల్బులు”. మధ్యలో ఫోను మార్చవలసి వస్తే, పాతది ఇచ్చేసేముందు ఒకే రోజు, ఒకే కుర్చీలో రెండు ఫోన్లతోనూ ఒక్కో వరుస తీసి ఉంచండి. ఆ రోజు రెండు వరుసల మధ్య కనిపించే తేడా ఫోన్లది కాబట్టి, తరువాతి నెలల ఫొటోలను పాతవాటితో పోల్చేటప్పుడు అంతమేరకు తీసివేసి చూడవచ్చు.