పాత పిస్టల్‌కి కొత్త బారెల్ వేయిస్తున్నారా? హెడ్‌స్పేస్ దగ్గరుండి చూసుకోండి

తాతగారి నుంచి లైసెన్సుతో సహా నాకొచ్చిన .32 కోల్ట్ 1903 పిస్టల్ బారెల్ (గుండు బయటికెళ్లే గొట్టం) లోపల అంతా అమ్మవారి మచ్చల్లా గుంటలు. విశాఖ గాలి సంగతి తెలిసిందే. దానికి తోడు పాతకాలం తూటాల ప్రైమర్‌లోని (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) పొటాషియం క్లోరేట్ పేలాక ఉప్పుగా బారెల్లో మిగిలిపోతుంది, ఆ ఉప్పు చెమ్మ పీల్చుకుంటుంది, నూనెగుడ్డతో తుడిచినంత మాత్రాన పోదు. మా ఇంట్లో అదే జరిగింది.

ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం రిపేరు కూడా లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. ఆటోనగర్ లేత్ షాపుల్లో ఎంత పనిమంతుడున్నా పిస్టల్ అక్కడికి పట్టుకెళ్లకండి. కమిషనరేట్‌లో ముందే అడిగి, కాగితాలు సరిచూసుకున్నాకే పని మొదలుపెట్టించండి.

ఇక అసలు విషయం. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) పూర్తిగా మూసుకున్నప్పుడు దాని ముఖానికీ, తూటా ఆగే చోటికీ మధ్య ఉండే కొలతే హెడ్‌స్పేస్. .32 తూటాకి అడుగున అంచు 9.1 మి.మీ., దాని పైన ఒళ్లు 8.6 మి.మీ., అంటే ఆ పిసరంత అంచే ఛాంబర్ (బారెల్లో తూటా కూర్చునే గది) మెట్టుకి ఆనుకుని తూటాని ఆపుతుంది. అదే .45 అయితే కేసు (తూటా ఇత్తడి తొడుగు) మూతి ఆనుతుంది. అందుకే హెడ్‌స్పేస్ కొలిచే గేజ్ (ఛాంబర్‌లో పెట్టి చూసే ఉక్కు కొలత ముక్క) ఆ తూటాకి చేసిందే కావాలి, దగ్గరగా ఉంది కదా అని ఇంకోటి పనికిరాదు.

కొలిచే ముందు మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్ ఖాళీయేనా అని కంటితోనూ వేలితోనూ చూడండి. అసలు తూటాలు ఆ బల్ల మీదే ఉండకూడదు. రికాయిల్ స్ప్రింగు (స్లైడ్‌ని ముందుకి తోసేది), ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని బయటికి లాగే కొక్కెం) తీయించండి. ఎక్స్‌ట్రాక్టర్ ఉంటే గేజ్‌ని పక్కకి లాగి లెక్క తప్పిస్తుంది. స్లైడ్ ముఖం కూడా శుభ్రం చేయాలి, చిన్న ఇనుప రజను ఉన్నా రెండు మూడు థౌ తేడా వస్తుంది (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు).

గో గేజ్ (కనీస కొలతది) పెట్టి స్లైడ్‌ని వేలితో నెమ్మదిగా తోస్తే పూర్తిగా మూసుకోవాలి, నో-గో (గరిష్ఠ కొలతది) పెడితే మూసుకోకూడదు. గో పట్టకపోతే కంగారు లేదు, కొత్త బారెల్ ఛాంబర్‌ని కావాలనే కాస్త తక్కువ లోతుగా వదులుతారు. రీమర్‌ని (ఛాంబర్ లోపలి ఇనుము గీసే పనిముట్టు) నూనెతో చేత్తోనే తిప్పి కొద్దికొద్దిగా తీయడం, రజను తుడవడం, మళ్లీ గేజ్ పెట్టడం, ఇదే వరస. విసుగొస్తుంది, రానివ్వండి. ఒక్కసారి లోతు ఎక్కువైతే తీసిన ఇనుము తిరిగి అతికించలేం, నో-గో కూడా పట్టేసిందంటే ఆ బారెల్ వాడకూడదు.

నా పిస్టల్‌ని మొదట చూసినాయన గేజ్ లేకుండా ఒక తూటా వేసి చూసి ‘పర్లేదు సార్’ అన్నాడు. ఏ రెండు తూటాలూ ఒకే కొలతలో ఉండవండీ, ఆయన చేతిలోదాని అంచు కాస్త మందమైనదైతే ఛాంబర్ లోతు ఎక్కువున్నా తెలియదు. డబ్బులిచ్చేసి పిస్టల్ వెనక్కి తెచ్చేసుకున్నా.

మొదటి గుళ్లు రిపేరరే, పిస్టల్‌ని బిగించి, దూరం నుంచి తాడు లాగి పేల్చాలి. ఖాళీ కేసులు ఏరి చూడండి: ప్రైమర్ వెనక్కి పొడుచుకొచ్చినా, కేసు అడుగున ఉబ్బినా, ఇంకో గుండు పేల్చకుండా మళ్లీ గేజ్ పెట్టించండి.