వల గుండ్లు పోసే ముందు ఒకసారి ఇది చదవండప్పా

జూన్ వచ్చిందంటే మా కర్నూల్లో తుంగభద్ర ఒడ్డున ఉండేటోళ్ల ఇండ్లల్లో వలలు బయటికి వస్తాయి, శ్రీశైలం బ్యాక్ వాటర్ ఎక్కొచ్చి సంగమేశ్వరం గుడి మునిగేలోపల చినిగింది కుట్టుకోవాల, ఊడిపోయిన గుండ్లకి బదులు సీసం కరిగించి మళ్లా పోసుకోవాల. కుట్టేదానికి ఏం భయం లేదు గానీ పోసేదానికి ఉంది. అందరూ పొగకి భయపడతారు, నేను చూసినంతలో ముందు భయపడాల్సింది తడికి, ఆ తర్వాత దుమ్ముకి.

మా చిన్నాయన ఇరవై ఏండ్లుగా పోస్తాండాడు, ఏం కాలా. ఒక రోజు పాత విసురు వలలోనుంచి ఊడదీసిన గొట్టం గుండ్లు, పొద్దున్నే నదిలో కడిగినవి, పైన ఆరినట్టే ఉన్నాయని కరిగిన సీసంలోకి ఒక పిడికెడు వేసినాడు. టప్ మని బాండ్లిలో ఉండేది సగం ఎగిరి గోడకి కొట్టింది, మిగతాది ఆయన చేతిమీద పడింది, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. జరిగింది ఏమంటే సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, నీళ్లు 100కే ఆవిరైపోతాయి, ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు జాగా కావాల, గొట్టంలో చిక్కిన చుక్క సీసం అడుగున ఉండి ఆ జాగా ఒక్కసారిగా అడిగితే పైనున్నదంతా ఎగరాల్సిందే. పైన పడిన చెమట చుక్క చాలాసార్లు చిందులేసి ఆరిపోతుంది, అది చూసి ఏం కాదులే అని ధైర్యం చేస్తారు. మునిగిన చుక్కతోనే అసలు ప్రమాదం.

అందుకే పాత గుండ్లు రెండు మూడు రోజులు ఎండలో పెట్టి, బాండ్లి చల్లగా ఉన్నప్పుడే అన్నీ వేసి అప్పుడు మంట పెట్టండి. మధ్యలో ఇంకొన్ని గుండ్లు కలపాల్సి వస్తే వాటిని పొయ్యి గట్టున పెట్టి బాగా కాగినాకే, అదీ ఒక్కొక్కటి, పొడుగు గరిటెతో. గరిటె కూడా ముందే కాగాల, మూస కూడా. రెండు వైపులా నొక్కేసిన సీసం పైపు ముక్కలు అసలొద్దు, లోపల తడి చిక్కి ఉండొచ్చు. మబ్బు పట్టి తుంపర పడతాంటే ఆ రోజు పని ఆపేయండి, వల రేపైనా పూర్తవుతుంది. అల్యూమినియం గిన్నె వాడొద్దు, వేడికి మెత్తబడి అడుగు ఊడితే కాళ్లమీదే పడేది, ఇనుప బాండ్లే మేలు. హవాయి చెప్పులు, పాలిస్టర్ లుంగీ కట్టుకుని కూర్చోవద్దు, మూసిన బూట్లు, కాటన్ ప్యాంటు బూటు పైకి వచ్చేటట్టు, కళ్లద్దాలు, తోలు గ్లౌజులు. పక్కన పొడి ఇసుక బకెట్టు పెట్టుకోండి, మంట లేస్తే నీళ్లు పోయడానికి మాత్రం ఉరకొద్దు.

పాత బ్యాటరీ పగలగొట్టి సీసం తీసేది అయితే చేయనే వద్దు. అందులో యాసిడ్ ఉంటుంది, ప్లేట్లలో కలిపిన లోహాలనుంచి విషవాయువు వచ్చే అవకాశం కూడా ఉంది. పాత బ్యాటరీ షాపులో ఇచ్చేసి డబ్బులు తెచ్చుకునేదే లాభం.

ఇంక దుమ్ము సంగతి. అడుగు ఎర్రబడేదాకా కాగబెట్టకుండా, ఆరుబయట, గాలికి వీపు చూపించి చేస్తే పొగ తక్కువే, కానీ పైన తేలే బూడిదరంగు తెట్టు తీసి పక్కన కొడతారు చూడండి, అది పొడి పొడి అయ్యి చేతికి, బీడీకి, అన్నానికి అంటుతుంది. మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి, కోళ్లు కెలికే చోట పారేయొద్దు, చల్లారినాక చీపురుతో పొడిగా ఊడవకుండా తడిబట్టతో తుడవండి. పెద్దోళ్ల ఒంట్లోకి పోయేదానికంటే చిన్నపిల్లలకి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది సీసం, మింగినదాంట్లో 40-50 శాతం దాకా. కడుపుతో ఉన్నోళ్లు, పిల్లోళ్లు అటువైపే రాకూడదు. ఆ బట్టలు వేరేగా ఉతకాల, ఆ బాండ్లిలో మళ్లా వంకాయ వేయించకూడదు. గాలం గుండుని పళ్లతో కొరికి బిగించే అలవాటు మా వాళ్లందరికీ ఉంది, ప్లయర్ 100 రూపాయలప్పా, కొనుక్కోండి. ఇంకొకటి, ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేది తగరం, సీసం కాదు, మిగిలింది కదా అని కలిపి పూయొద్దు.

ఇదే సీసంతో నాటు తుపాకి గుండ్లు కూడా పోసుకోవచ్చా అని ఒకరు అడిగినారు. వేడి అదే, ప్రమాదం అదే, పైగా తుపాకి మందు పొయ్యి దగ్గరికి చేరితే ఇల్లే లేచిపోతుంది. లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు, నేను చెప్పేది వల గుండ్ల వరకే.

ఒకవేళ మీద పడితే అతుక్కున్న సీసం పీకొద్దు, 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి, టూత్ పేస్టు, సిరా పూయకుండా అట్లే శుభ్రమైన బట్ట కప్పుకుని పెద్దాసుపత్రికి పోండి. కంట్లో పడితే రుద్దొద్దు, నీళ్లు పోస్తా పోండి. చిన్నాయన చేతికి ఆ రోజు పసుపు పూసినారు, డాక్టరు దాన్ని కడగడానికే అరగంట పట్టింది.