క్యాంపస్ టూర్ అయిపోగానే వచ్చేయకండి

టూర్ తిప్పే విద్యార్థిని సాధారణంగా అడ్మిషన్ల విభాగమే ఎంచుకుంటుంది, తిరిగే దారి కూడా ముందే ఖాయం. "కాలేజీ ఎలా ఉంది?" అంటే పొగడ్తే వస్తుంది. "పోయిన సెమిస్టర్‌లో కావాలనుకున్నా సీటు దొరకని కోర్సు ఏది? మీ అతి పెద్ద క్లాసులో ఎంతమంది?" అని అడగండి. వీటికి తప్పించుకునే జవాబు వచ్చినా అదీ సమాచారమే.

తర్వాత గైడ్ లేకుండా ఓ గంట తిరగండి. కొత్త హాస్టల్ చూపించారా, పాత బ్లాక్ బాత్రూములు చూడండి. మీరు చేరబోయే శాఖ ల్యాబ్‌లో పరికరాలు వాడుకలో ఉన్నాయా, కవర్లు కప్పి ఉన్నాయా? నోటీసు బోర్డుల మీద తేదీలు చదవండి. క్యాంటీన్‌లో ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా, మొదటి సంవత్సరం వాళ్లనీ చివరి సంవత్సరం వాళ్లనీ పలకరించండి. సెలవుల్లో మాత్రం వెళ్లొద్దు, భవనాలు తప్ప ఏమీ కనిపించవు.